పంగ్తీలో అమూర్ డేగలు

నాగాలాండ్‌లోని వోఖా జిల్లాలో, దోయాంగ్ జలాశయానికి ఎగువన కొండ మీద ఉన్న లోథా నాగాల ఊరు పంగ్తీ. నవంబరు మొదట్లో అమూర్ డేగలను చూడడానికి అక్కడికి వెళ్ళాను. తూర్పు సైబీరియాలో, ఉత్తర చైనాలో పిల్లలను పెంచి, చలికాలానికి ఆఫ్రికా దక్షిణ ప్రాంతాలకు పోయే ఈ చిన్న డేగలు ఇక్కడ కొన్ని వారాలు ఆగి, ఉసిళ్ళను కడుపునిండా తిని, అరేబియా సముద్రాన్ని ఆగకుండా దాటడానికి కావలసిన కొవ్వును ఒంట్లో కూడబెట్టుకుంటాయి.

తెల్లవారుతుండగా కావలి మంచె ఎక్కాం. చెట్లమీంచి వేలాదిగా లేచిన పక్షులతో ఆకాశం నిండిపోయింది. ఒక మగపక్షి మా తలల మీదుగా బాగా కిందికి వచ్చింది. బూడిదరంగు ఒళ్ళు, తొడల దగ్గర ఇటుక రంగు, రెక్కల అడుగున తెలుపు. ఎగురుతూనే కాలిగోళ్ళతో ఉసిలిని పట్టి, ఆ కాలినే ముక్కు దాకా ఎత్తి తినేసింది.

నన్ను తీసుకువెళ్ళినాయన ఒకప్పుడు వీటిని పట్టినవాడే. 2012లో ఇక్కడ చెట్ల మధ్య చేపల వలలు కట్టి, ఆ ఒక్క రుతువులోనే సుమారు 1,20,000 నుంచి 1,40,000 పక్షులను పట్టి చంపారని అంచనా. ఆ డబ్బుతోనే పిల్లల బడి ఫీజులు కట్టేవాళ్ళమని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ఆ వార్త బయటికి పొక్కాక స్వచ్ఛంద సంస్థలు, చర్చి పెద్దలు, అటవీశాఖ వారు ఊరివాళ్ళతో మాట్లాడగా, గ్రామసభ వేటను నిషేధించింది. 2013లో ఒక్క పక్షిని కూడా చంపలేదు.

ఆ నవంబరులోనే భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు, హంగరీ నిపుణులతో కలిసి, సుమారు 150 గ్రాములు తూగే మూడు పక్షులకు సౌరశక్తితో నడిచే 5 గ్రాముల ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు అమర్చి, నాగా, వోఖా, పంగ్తీ అని పేర్లు పెట్టారు. నాగా, పంగ్తీ మరుసటి ఏడాది మళ్ళీ దోయాంగ్‌కే వచ్చాయి. తమ ఊరి పేరున్న పక్షి ఎక్కడుందోనని ఊళ్ళో అందరూ ఆరా తీసేవారట.

పరిశోధనకు దక్కిన పేరు న్యాయమైనదే. అయితే చేతికొచ్చే రాబడిని వదులుకున్న కుటుంబాల త్యాగం దానికన్నా పెద్దదని నా అభిప్రాయం. పర్యాటకుల రాక ఆ కొద్ది వారాలకే పరిమితం. వెళ్ళేవారు ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవారు నాగాలాండ్‌కు వెళ్ళడానికి కావలసిన అనుమతిపత్రం) తీసుకుని, ఊళ్ళోని ఇళ్ళలోనే బస చేసి, అక్కడివారినే దారి చూపడానికి కుదుర్చుకుంటే, ఆ డబ్బు పక్షులకు కాపలా కాసే ఇళ్ళకే చేరుతుంది.