షాక్ టన్నెల్ కాలిబ్రేషన్, అనంతపురం ఎండలో: నా అనుభవం

మా కాలేజీలో ఉన్నది చిన్న షాక్ టన్నెల్, అంటే ధ్వనికి ఎన్నో రెట్ల వేగంతో గాలిని వదిలి మోడళ్లను పరీక్షించే గొట్టం. గొట్టంలో ఒకవైపు హీలియం, ఇంకోవైపు గాలి, మధ్యలో అల్యూమినియం రేకు. హీలియం ఒత్తిడికి రేకు చిరగ్గానే షాక్ వేవ్ దూసుకెళ్లి చివరి గోడకు తగిలి వెనక్కి తిరుగుతుంది. అక్కడ నొక్కుకుపోయి వేడెక్కిన గాలి నాజిల్ గుండా హైపర్‌సోనిక్ వేగంతో బయటికొస్తుంది. అంతా మిల్లీసెకన్ల లెక్క. నాజిల్ డిజైన్ మ్యాక్ 6, అంటే ధ్వని వేగానికి ఆరు రెట్లు. నిజంగా ఎంత వస్తోందో తేల్చడం నా వంతు.

అందరూ సెన్సార్ల గురించి భయపెట్టారు గానీ, నా ప్రాణం తీసింది రేకే. దాని మీద ప్లస్ ఆకారంలో గాడి తీయాలి. గాడి కాస్త లోతైతే తక్కువ ఒత్తిడికే చిరిగిపోతుంది.

"కంటికి అన్నీ ఒక్కటే కదా సార్, ఎందుకింత రచ్చ?" అన్నాడు ఊళ్లో మిల్లింగ్ చేసిచ్చే అన్న.

చిరిగిన రేకులు రెండు చేతిలో పెట్టా. ఒకటి నాలుగు రెక్కలుగా చక్కగా విచ్చుకుంది. రెండోదానికి ఒక రెక్క కొస లేదు. ఆ ముక్క పోయి పిటాట్ ట్యూబ్ (ఎదురొచ్చే గాలి ఒత్తిడిని కొలిచే సన్న గొట్టం) మూతిని సొట్ట పెట్టింది. ఆయన రేకును అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకేం మాట్లాడకుండా డయల్ గేజ్ తీశాడు. అప్పట్నుంచి గాడి లోతు కొలవకుండా ఒక్క రేకూ ఇవ్వలేదు. రీడింగులు దారికొచ్చాయి.

తర్వాత ఎండ. అర మీటరు దూరంలోని రెండు సెన్సార్ల మధ్య షాక్ 472 మైక్రోసెకన్లు తీసుకుంటే వేగం సెకనుకు దాదాపు 1059 మీటర్లు. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది కాబట్టి, గది 27 డిగ్రీలుంటే అది షాక్ మ్యాక్ 3.05, 40 డిగ్రీలైతే 2.99. మే నెలలో మా ల్యాబ్‌లో పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా తెలిసిందే కదా! అందుకే ప్రతి షాట్‌కూ థర్మామీటర్ చూడాల్సిందే. బయటి గాలి ఒత్తిడీ అంతే. సముద్ర మట్టానికి 335 మీటర్ల ఎత్తున్న ఊళ్లో 101 కిలోపాస్కల్స్ ఎక్కడుంటుంది, 97 దగ్గరే.

చివరికి నాజిల్ బయట వరుసగా పిటాట్‌లు పెట్టాం. పిటాట్ ఒత్తిడిని నాజిల్ ముందరి ఒత్తిడితో భాగిస్తే మ్యాక్ 6కి 0.0297 రావాలి. మాకు మధ్యలో 0.032 వచ్చింది, అంటే మ్యాక్ 5.9. నాజిల్ గోడల వెంట పేరుకునే బౌండరీ లేయర్ (నెమ్మదించిన గాలి పొర) దారిని కాస్త ఇరుకు చేస్తుంది కాబట్టి తగ్గడం మామూలే. అంచుల్లోని పిటాట్‌లు మాత్రం బాగా పడిపోయాయి. పరీక్షించే మోడల్ ఆ మధ్య భాగంలోనే ఇమడాలి.

"6 అని రాసేద్దామా?" అన్నారు మా సార్ నవ్వుతూ. 5.9 అనే రాశాం, పక్కనే గది ఉష్ణోగ్రత కూడా.