నా అనుభవం: ఐరన్ వెయ్యని డిష్ కూడా ఎర్రగా వెలిగింది

తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తూ, బతికున్న కణాల్లో ఐరన్‌ని చూపించే ఫ్లోరోసెంట్ ప్రోబ్ (వెతికేది దొరకగానే వెలిగే అణువు) చెయ్యాలని మొదలుపెట్టాను. చివరికి ఇంకో ప్రోబ్‌తో బయటపడ్డాను. ఆఖరి ఇమేజింగ్ పోయిన వారమే అయింది. ఇదే పని ఎత్తుకున్నవాళ్లకి పనికొస్తుందని, అన్నీ గుర్తున్నప్పుడే రాస్తున్నా.

సింథసిస్‌లో కష్టమేమీ లేదు. రోడమిన్ బి అనే గులాబీ రంగు పొడి 1.2 గ్రాములు 30 మి.లీ. ఇథనాల్‌లో కరిగించి, ఇథిలీన్ డైఅమీన్ 1.5 మి.లీ. చుక్కచుక్కగా వేసి రాత్రంతా రిఫ్లక్స్ (ఆవిరి చల్లబడి మళ్లీ అందులోనే పడేలా మరిగించడం) పెట్టాలి. ముదురు గులాబీ రంగు తెల్లారేసరికి లేత నారింజకి దిగిపోతుంది. రంగు పోయిందంటే అణువులో లాక్టామ్ అనే రింగ్ మూసుకున్నట్టే. మాస్ స్పెక్ట్రమ్‌లో 485 పీక్, కార్బన్ ఎన్ఎంఆర్‌లో 65 పీపీఎం దగ్గర స్పైరో కార్బన్ వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. దానికి పిరిడిన్-2-ఆల్డిహైడ్ కలిపి, సోడియం బోరోహైడ్రైడ్‌తో రిడక్షన్ చేస్తే ప్రోబ్ సిద్ధం. గ్లవ్స్ మాత్రం రెండు జతలు వేసుకోండి. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించింది ఈ రోడమిన్ బి కలుపుతున్నారనే. పిల్లల నోట్లోకి పోవాల్సిన రంగు కాదిది.

రింగ్ మూసుకుని ఉంటే రంగూ లేదు, వెలుగూ లేదు. లోహ అయాన్ వచ్చి పట్టుకుంటే రింగ్ తెరుచుకుని ఎర్రగా వెలుగుతుంది. 1997లో చార్నిక్ బృందం రోడమిన్ బి హైడ్రజైడ్‌తో కాపర్‌ని ఇలాగే పట్టి చూపించింది. అప్పటి నుంచీ ఇదే సూత్రం మీద పేపర్లు వస్తూనే ఉన్నాయి. ఆ పేపర్లు చదివే నేనూ దిగాను.

జరగబోయేది టీఎల్‌సీ ప్లేట్ (పదార్థాలని విడదీసి చూసే, సిలికా పూసిన పలక) అప్పుడే చెప్పింది. రంగు లేని ద్రావణం చుక్క పెట్టి, ప్లేట్ నడిపి, ఆరబెట్టాను. కళ్లముందే ఆ చుక్క అంచుల నుంచి లోపలికి గులాబీ రంగు ఎక్కింది. అక్కడ ఐరన్ లేదు. సిలికాకి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది, రింగ్ తెరవడానికి అది చాలు. అందుకే శుద్ధి చెయ్యడానికి సిలికా కాలమ్ వేసేటప్పుడు సాల్వెంట్‌లో 1 శాతం ట్రైఇథైల్ అమీన్ అనే క్షారం కలపాలి, లేకపోతే సగం సరుకు గులాబీ పట్టీ అయి సిలికాకే అంటుకుంటుంది. ఎన్ఎంఆర్ ట్యూబ్‌లో పాతబడి కొద్దిగా ఆమ్లం చేరిన డ్యుటీరియేటెడ్ క్లోరోఫామ్ పోస్తే కూడా ఇదే తంతు. నేను ట్రైఇథైల్ అమీన్ కలిపి ముందుకెళ్లిపోయాను గానీ, అదే ఆమ్లం కణంలోనూ ఉంటుందని ఆ రోజు ఆలోచించలేదు.

క్యూవెట్‌లో (వెలుగు కొలిచే చిన్న పాత్ర) ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. అసిటోనైట్రైల్, నీళ్లు సగం సగం. పది రెట్లు ఫెర్రిక్ క్లోరైడ్ వెయ్యగానే 580 నానోమీటర్ల దగ్గర వెలుగు లేచింది. ఆ సాల్వెంట్‌లో పీహెచ్‌ని నిలకడగా ఉంచే బఫర్ లేదు. ఫెర్రిక్ అయాన్ నీళ్లలో పడితే హైడ్రాలిసిస్ జరిగి ఆమ్లం పుడుతుంది, పీహెచ్ పడిపోతుంది. రింగ్ తెరిచింది ఐరనా, ఆమ్లమా అని తేల్చాలంటే ఐరన్ లేకుండా హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అదే పీహెచ్‌కి తెచ్చి పక్కన పెట్టి చూడాలి. 20 మిల్లీమోలార్ హెపిస్ బఫర్‌లో, 7.2 పీహెచ్ దగ్గర మళ్లీ చేస్తే ఎంత వెలుగు మిగులుతుందో చూడాలి. నేను చూసినప్పుడు మిగిలింది చాలా తక్కువ. కానీ అది చూసింది ఆర్నెల్ల తర్వాత.

ఇక కణాలు. హీలా కణాలు (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు), డీఎంఈఎం అనే పోషక ద్రవంలో 10 శాతం సీరం, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. సీరం తెప్పించడానికి మా కొనుగోళ్ల విభాగం మూడుసార్లు కొటేషన్ అడిగింది. తీరా వచ్చిన సీసా డ్రై ఐస్ అంతా ఆవిరైపోయి గోరువెచ్చగా ఉంది. కణాలు పెంచే ప్రతివాళ్లకీ నేను చెప్పేది ఒకటే: సీరం బాక్స్ మీ కళ్లముందు తెరిపించండి, కరిగి ఉంటే సంతకం పెట్టకండి.

కణాల లోపలి వెలుగుని చూసే కాన్ఫోకల్ మైక్రోస్కోప్ మా దగ్గర లేదు. వేరే సంస్థలో గంట లెక్కన స్లాట్ తీసుకోవాలి. మే నెల తిరుపతి ఎండలో కణాలు మొయ్యడం అంత సులువు కాదు. ఫ్లాస్క్‌ని మూత దాకా మీడియంతో నింపితేనే కుదుపులకి నురగ రాదు. థర్మోకోల్ పెట్టెలో పెట్టి బస్సులో ఒళ్లో ఉంచుకోవాలి. కారు డిక్కీలో పెడితే 42 డిగ్రీలు దాటిపోతుంది, కణాలు గుండ్రంగా ముడుచుకుని డిష్ నుంచి ఊడిపోతాయి.

ప్రోబ్ స్టాక్ 10 మిల్లీమోలార్, డీఎంఎస్ఓ అనే సాల్వెంట్‌లో. 2 మి.లీ. మీడియంలో 1 మైక్రోలీటర్ వేస్తే 5 మైక్రోమోలార్ అవుతుంది, డీఎంఎస్ఓ 0.05 శాతమే ఉంటుంది. నేరుగా డిష్‌లో వెయ్యకండి. విడిగా మీడియంలో కలిపి పొయ్యండి, లేదంటే పడిన చోట పొడిలా విడిపోయి కణాలకి అంటుకుని వెలుగుతుంది, అదే ఫలితం అనుకుంటారు. డీఎంఎస్ఓ 18.5 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఏసీ గదిలో సగం గడ్డకట్టిన స్టాక్ నుంచి పిపెట్ చేస్తే గాఢత తప్పుతుంది. ఇమేజింగ్‌కి ఫీనాల్ రెడ్ లేని, హెపిస్ కలిపిన మీడియం వాడండి.

ఆ రోజు తొమ్మిది డిష్‌లు తీసుకెళ్లాను. 561 నానోమీటర్ల లేజర్, 570 నుంచి 650 దాకా ఎమిషన్ (బయటికొచ్చే వెలుగు). ఐరన్ వేసిన మొదటి డిష్‌లో కణం నిండా ఎర్రటి చుక్కలు. నా సంతోషానికి హద్దు లేదు. గెయిన్ (వెలుగుని పెంచి చూపే సెట్టింగ్) కదపకుండా రెండో డిష్ పెట్టాం. అది ఐరన్ వెయ్యని కంట్రోల్. అవే చుక్కలు, అంతే వెలుగు. మైక్రోస్కోప్ నడిపే ఆయన స్క్రీన్ మీద నుంచి కళ్లు తీయకుండా, "సార్, మీ ప్రోబ్‌కి ఐరన్ అక్కర్లేదే" అన్నాడు. వెనక మా లాబ్ జూనియర్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఇంకో అరగంట ఇవ్వమని అడిగితే, తర్వాతి స్లాట్ ఖాళీగా ఉన్నా ఇవ్వలేదు. అంత ఖరీదైన పరికరాన్ని అరగంట ఊరికే ఉంచడం ఏం పద్ధతో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కారణం తేల్చడానికి రెండు నెలలు పట్టింది. నేను తగిలించిన అమీన్ బలహీన క్షారం. తటస్థంగా ఉన్నప్పుడు పొరలు దాటి లైసోసోమ్‌లోకి (కణంలో చెత్తని అరిగించే ఆమ్లపు సంచి) పోతుంది. అక్కడ పీహెచ్ 4.5 నుంచి 5 మధ్య ఉంటుంది. ప్రోటాన్ పట్టుకున్నాక ఛార్జ్ వచ్చి ఇక బయటికి రాలేకపోతుంది. అదే ఆమ్లం రింగ్‌ని కూడా తెరిచేస్తుంది. టీఎల్‌సీ ప్లేట్ మీద సిలికా చేసిన పనే ఇది. పైగా కణంలో అందుబాటులో ఉండే ఐరన్ చాలావరకు ఫెర్రస్ (రెండు ధన ఛార్జ్‌ల) రూపంలో ఉంటుంది. నా ప్రోబ్ కోరేది ఫెర్రిక్ (మూడు ధన ఛార్జ్‌లది).

ఇది ఊహగా ఆగకూడదని మూడు పరీక్షలు చేశాను. డెఫెరాక్సమిన్ 100 మైక్రోమోలార్ రాత్రంతా ఉంచి ఐరన్‌ని కట్టేసినా చుక్కలు తగ్గలేదు. బాఫిలోమైసిన్ ఎ1 100 నానోమోలార్ గంటసేపు ఇచ్చి లైసోసోమ్ ఆమ్లాన్ని తగ్గిస్తే చుక్కలు ఆరిపోయాయి. లైసోసోమ్‌లకి ఆకుపచ్చ రంగు వేసే లైసోట్రాకర్ గ్రీన్‌తో కలిపి చూస్తే రెండు రంగులూ ఒకేచోట పడ్డాయి. లైసోట్రాకర్ 50 నానోమోలార్ దాటనివ్వకండి, ఎక్కువసేపు ఉంచితే లైసోసోమ్ పీహెచ్ అదే మార్చేస్తుంది. రెండు లేజర్లూ ఒకదాని తర్వాత ఒకటి స్కాన్ చెయ్యండి. ఒకేసారి చేస్తే ఒక రంగు ఇంకో ఛానల్‌లోకి కారి, లేని ఏకీభావం కనిపిస్తుంది.

అందుకని ఐరన్ ప్రోబ్ అనడం మానేసి, లైసోసోమ్ పీహెచ్ ప్రోబ్‌గా మళ్లీ మొదలుపెట్టాను. బఫర్లలో టైట్రేషన్ చేస్తే పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ పట్టుకునే పీహెచ్) 5కి కాస్త దిగువన వచ్చింది, లైసోసోమ్‌కి సరిగ్గా కావలసిన చోటు. కణాల్లో క్యాలిబ్రేషన్‌కి పొటాషియం ఎక్కువున్న బఫర్లు 4 నుంచి 7 దాకా ఐదు పీహెచ్‌లలో చేసుకుని, నైజెరిసిన్ 10 మైక్రోమోలార్ కలిపి పది నిమిషాలు ఉంచాలి. నైజెరిసిన్ పొటాషియంని, ప్రోటాన్‌ని అటూఇటూ మార్చి లోపలి పీహెచ్‌ని బయటి పీహెచ్‌తో సమానం చేస్తుంది. ఐదు డిష్‌లూ ఒకే రోజు, ఒకే లేజర్ పవర్‌తో తీయాలి.

పోయిన వారం ఆ ఐదూ తీశాను. 4 దగ్గర కణం నిండా ఎరుపు, 7 దగ్గర తెర దాదాపు నలుపు. వాటి పక్కన ప్రోబ్ వెయ్యని ఉత్త కణాల డిష్‌ని కూడా ఈసారి మొదటే పెట్టించాను. నిన్న థీసిస్ మూడో అధ్యాయం శీర్షికలో 'ఐరన్' కొట్టేసి 'లైసోసోమ్ పీహెచ్' అని రాసి, గైడ్ సంతకానికి ఇచ్చాను.