ప్యాకెట్ మీది అంకె, మణికట్టులోని నాళం

తిరుపతిలో క్యాథ్ ల్యాబ్ (మణికట్టు లేదా తొడ ధమని గుండా గుండె నాళాలను పరీక్షించి, చికిత్స చేసే గది) టెక్నీషియన్‌గా పనిచేస్తున్న నేను, కొత్తగా చేరిన పిల్లలకు ఒక సంగతి పదే పదే చెప్పవలసి వస్తుంది: షీత్ (క్యాథెటర్ అనే సన్నని గొట్టం లోపలికి వెళ్లేందుకు ధమనిలో ఉంచే తొడుగు) ప్యాకెట్ మీద ఉండే అంకె దాని లోపలి కొలతే గాని, రోగి రక్తనాళం మోయవలసిన కొలత కాదు. ఈ గొట్టాల కొలతకు ఫ్రెంచ్ అని పేరు; ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు కనుక 6 ఫ్రెంచ్ క్యాథెటర్ మందం 2 మిల్లీమీటర్లు. ఆ క్యాథెటర్ పట్టే షీత్‌కు గోడ మందం కూడా కలుస్తుంది కాబట్టి, మామూలు రకంలో వెలుపలి వ్యాసం సుమారు 2.6 మిల్లీమీటర్ల దాకా వెళుతుంది. 5 ఫ్రెంచ్‌కు అది దాదాపు 2.3. తొడ ధమనిలో ఈ తేడాను ఎవరూ లెక్కచేయరు గాని, మణికట్టు ధమనే చాలామందిలో రెండు మూడు మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, ఆడవారిలో ఇంకా సన్నం.

మొన్న చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గాజులు తీసి కొడుకు చేతికిచ్చి, "సన్నది వెయ్యి నాయనా, నా చెయ్యి చూడు, పుల్ల మాదిరి ఉండాది" అన్నారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తే నాళం 2.3 ఉంది. ఆంజియోగ్రామ్ 5 ఫ్రెంచ్‌తోనే ముగిసింది. స్టెంట్ అవసరమని తేలాక డాక్టరుగారు పలుచని గోడల 6 ఫ్రెంచ్ షీత్ అడిగారు. దాని వెలుపలి వ్యాసం 2.46, అంటే మామూలు 5 ఫ్రెంచ్ కంటే వెంట్రుకవాసి ఎక్కువ. గోడ పలుచన కావడంతో వంపు దగ్గర మడతపడుతుందేమోనన్న భయం మాత్రం నాకు ఎప్పుడూ ఉంటుంది.

అన్నిటికీ 5 ఫ్రెంచ్ చాలదా అని అడుగుతారు. గుండె నాళం రెండు కొమ్మలుగా చీలే చోట రెండు బెలూన్లు పక్కపక్కన ఉబ్బించడానికి 6 కావాలి. గుండె నాళంలో గట్టిపడిన సున్నాన్ని (కాల్షియంను) అరగదీసే రోటాబ్లేషన్‌లో 1.75 మిల్లీమీటర్ల బర్ (గిర్రున తిరిగే మొన) వాడాలంటే మామూలుగా 7 కావాలి. నేను మునుపు పనిచేసిన చోట, కొలవకుండానే 7 వేసిన ఒక కేసులో మణికట్టు నాళం బిగుసుకొని షీత్ బయటికి రాలేదు. నాళాన్ని సడలించే నైట్రోగ్లిజరిన్ ఇచ్చి, మత్తు పెంచి, చేతికి వెచ్చటి గుడ్డ చుట్టి, అది వదిలేదాకా అందరం నిలబడే ఉన్నాం.

మణికట్టులోని ఈ నాళం తర్వాత మూసుకుపోయినా, చేతికి రెండో ధమని ఉన్నందువల్ల చేతికి సాధారణంగా ప్రమాదం రాదు. అయితే ఆ దారి మరోసారికి పనికిరాదు. రేపు డయాలసిస్ ఫిస్టులా (రక్తశుద్ధి కోసం చేతి ధమనిని సిరతో కలిపే దారి) వేయవలసి వచ్చినా చిక్కే. అందుకే చివర కట్టే బ్యాండును రక్తం ఆగేంత మాత్రమే బిగించి, కింద ప్రవాహం సాగుతోందో లేదో చూస్తాం. మరునాడు ఉదయం ఆ పెద్దావిడ మణికట్టు పట్టుకొని చూశాను, నాడి ఆడుతోంది. ఆమె అప్పటికే గాజులు తొడుక్కుంటున్నారు.