హాలో ఉబ్బు తీస్తుంది, రౌండ్ గుంట తీస్తుంది

ఇంగ్లండులో పాత ఇళ్ళ కిటికీలు బాగుచేసే వర్క్‌షాపుకు హైదరాబాద్ నుంచి వెళ్ళిన వడ్రంగిని మొదట తికమక పెట్టేది పేర్లే. అక్కడ బీడింగ్ (తలుపు, కిటికీ అంచుల ఆకారపు పట్టీ) తీసే కర్ర రందాలు, అంటే చిత్రిక పట్టే పనిముట్లు, జతలుగా ఉంటాయి: ఒకటి హాలో, రెండోది రౌండ్. హాలో అడుగుభాగం లోపలికి గుంటగా ఉంటుంది, కాబట్టి చెక్క మీద ఉబ్బు తీస్తుంది. రౌండ్ అడుగుభాగం బయటికి ఉబ్బి ఉంటుంది, అది గుంట తీస్తుంది. పేరు రందాది, పనిది కాదు. ఇది తెలియక మేస్త్రి ఒకటడిగితే ఇంకొకటి అందించి చివాట్లు తినడం కొత్తవాళ్ళకు మామూలే.

మెషీన్లు ఉండగా చేతిపని ఎందుకంటే, అక్కడ చట్టం కింద రక్షించిన పాత ఇంట్లో నాలుగడుగుల పట్టీ కుళ్ళితే కొత్త ముక్క పాతదాని ఆకారంలోనే ఉండాలి. నాలుగడుగుల కోసం రూటరుకు (ఆకారం కోసే కరెంటు మెషీనుకు) ప్రత్యేకంగా బిట్టు చేయించడం దండగ. మన పాతబస్తీ దేవిడీల (నవాబుల కాలపు భవంతుల) టేకు తలుపులదీ ఇదే లెక్క. షాపులో దొరికే రెడీమేడ్ బీడింగ్ వాటికి ఎప్పుడూ సరిగ్గా అతకదు.

రందా పొడవు సాధారణంగా తొమ్మిదిన్నర అంగుళాలు, చెక్క బీచ్. పూర్తి సెట్టు 18 జతలు, సగం సెట్టు 9 జతలు. చాలా సెట్లలో 8 నంబరు అంటే అర అంగుళం వ్యాసార్థం, 6 అంటే అంగుళంలో 3/8. తయారీదారును బట్టి నంబర్లు మారతాయి, అందుకే కొనేటప్పుడు స్కేలుతో కొలుచుకోవాలి. అడుగుభాగం వంపు సాధారణంగా వృత్తంలో 60 డిగ్రీలు ఉంటుంది గనుక రందా వెడల్పూ వ్యాసార్థమూ సమానం. అంటే వెడల్పు కొలిస్తే చాలు. మొదట్లో 6, 10 జతలు రెండు ఉంటే తలుపు చట్రాల పని చాలావరకు నడుస్తుంది. సగం సెట్టు మీద డబ్బు తగలేయడం తొందరపాటు.

అసలు కిటుకు ఈ రందాల్లో లేదు, వాటికంటే ముందు చేసే రిబేట్లలో (అంచు వెంట మెట్టులా తీసే కోతల్లో), ఏటవాలు కోతల్లో ఉంది. హాలోకు, రౌండుకు పక్కన ఆనే ఫెన్సు ఉండదు, లోతు ఆపే స్టాపు ఉండదు. దారి చెక్క మీదే ఉండాలి. ఉదాహరణకు పట్టీ మూల మీద అర అంగుళం వ్యాసార్థంతో పావు వృత్తం కావాలనుకోండి. పట్టీ రెండు కొసల్లో ఆకారం గీసి, మూల నుంచి రెండు వైపులా 7 మిల్లీమీటర్ల దగ్గర మార్కింగ్ గేజీతో (అంచుకు సమాంతరంగా గీసే పనిముట్టుతో) గీతలు లాగి, 45 డిగ్రీల వాలు తీయాలి. లెక్క ప్రకారం వాలు వంపును తాకేది 7.4 మిల్లీమీటర్ల దగ్గర, ఆ కాస్త మిగులు రందాకు వదిలేయాలి. ఇప్పుడు 8 నంబరు హాలో ఆ వాలు రెండు అంచుల మీద పట్టాల మీద బండిలా కూర్చుంటుంది. మొదట రెండు సన్నని పొరలు వస్తాయి. తోస్తున్నకొద్దీ అవి వెడల్పై, చివరికి కలిసి ఒకే పొర అవుతాయి. అప్పుడు ఆపాలి. మిగిలిన 15 డిగ్రీలు అటూ ఇటూ రందాను వంచి తీస్తారు. ఒక పొర వెడల్పు, ఇంకోటి సన్నం వస్తుంటే రందా ఒరిగిందనో, వాలు తప్పిందనో అర్థం. రెండోదైతే రందాతో సర్దకూడదు, వాలునే సరిచేయాలి.

గుంటకు రౌండ్ వాడేటప్పుడూ సూత్రం ఇదే. రిబేటు రందాతో మెట్టు కోస్తే, రౌండ్ ఆ మెట్టు రెండు కొసల మీద నడుస్తుంది. గుంట వెడల్పైతే రెండు మూడు మెట్లు కావాలి. మెట్టు లోపలి మూల గీతను దాటిందా, ఆ గాటు ఇక పోదు.

పట్టీని పట్టుకోవడానికి పొడవైన పలక మీద ఒక అంచు కట్టి, చివర స్క్రూ తల ఆపుగా పెడతారు. మనం నేల మీద కూర్చుని కాలితో పట్టినట్టు పడితే పట్టీ మెలితిరుగుతుంది, సన్నని బీడింగ్ అయితే మరీను.

బ్లేడు సాన విషయంలో ఎక్కువమంది తప్పుతారు. బ్లేడు సుమారు 50 డిగ్రీల వాలులో కూర్చుంటుంది కాబట్టి, బ్లేడు మీది వంపు అడుగుభాగం వంపు కంటే దాదాపు 1.3 రెట్లు లోతుగా ఉండాలి. వృత్తం గీసి దానికి సరిపడా అరగదీస్తే సరిపోదు. బ్లేడు చదునైన వైపు మార్కరుతో నల్లగా పూసి, రందాలో బిగించి, అడుగుభాగం వెంట సూదిమొనతో గీసి, ఆ గీత దాకా అరగదీయాలి. హాలో బ్లేడు లోపలి వంపుకు గుండ్రటి సానరాయి ముక్క కావాలి. పొట్టు రందా నోట్లో ఇరుక్కుంటే చాలాసార్లు తప్పు బ్లేడును బిగించే చెక్క చీల మొనది: అది బ్లేడుకు అతక్కుండా లేస్తే పొర కింద దూరుతుంది.

ఈ రందాలను హైదరాబాద్ తెచ్చుకుంటే రెండు తేడాలు వస్తాయి. ఏప్రిల్, మే ఎండలకు చెక్క కుంచించుకుని చీల వదులవుతుంది. సుత్తితో గట్టిగా దిగ్గొడితే రందా పక్క చెంప పగులుతుంది. కర్ర సుత్తితో నెమ్మదిగా తట్టాలి. విప్పాలంటే రందా వెనక కొసను తట్టాలి. పని లేనప్పుడు చీల వదులు చేసి ఉంచడం మేలు.

రెండోది టేకు. ఇంగ్లండు పైన్‌కు ఉన్నంతసేపు బ్లేడు పదును టేకుకు నిలవదు, టేకులో ఇసుక పదార్థం ఉంటుంది మరి. అందుకే ఆఖరి రెండు మూడు తోపులకు ముందు మళ్ళీ సాన పట్టాలి, అడుగుభాగానికి కొవ్వొత్తి రుద్దాలి. చెక్క పీచు ఎటు వాలి ఉందో ముందే చూడాలి. ఎదురైతే పీచు లేస్తుంది. ఫెన్సు ఉన్న రందా అయితే అక్కడితో పని ఆగిపోతుంది గానీ, హాలో, రౌండ్‌లను రెండో కొస నుంచి తిప్పి తోయొచ్చు.

పాత రందా కొనేటప్పుడు కంటికి ఎత్తి పొడవునా చూడండి. పక్కకు అరటికాయలా వంగి ఉంటే వదిలేయండి. జతలో రెండింటి అడుగుభాగాలు కలిపి వెలుతురుకు పట్టండి. మధ్యలో వెలుగు కనిపించిందా, అవి ఒకప్పుడు వేర్వేరు పెట్టెల్లోవి అయ్యుండొచ్చు. విమానంలో వీటిని చెకిన్ సామానులోనే వేయాలి, బ్లేడ్లు విడదీసి గుడ్డలో చుట్టి.