బంకు బ్రాండ్ ఆయిలే పోస్తాం, ఎందుకంటే

ముందే చెప్పేస్తున్నా, మా పాత పికప్‌కి మేం పోసేది పెట్రోల్ బంకు వాళ్ల సొంత బ్రాండ్ ఇంజిన్ ఆయిలే, క్రికెట్ మధ్యలో యాడ్స్ వచ్చే ఆయిల్ కాదు. ఈ మాట అంటే ఒడిశా కోరాపుట్ జిల్లాలోని మా సెమిలిగూడలో సగం మంది డ్రైవర్లు మొహం అదోలా పెడతారు. "ఏటి బావా, లక్షలు పెట్టి బండి కొని ఆయిల్ దగ్గర కక్కుర్తేటి" అని మొదట్లో మా బావే గోల గోల చేసేవాడు. బండి తోలేది ఆయన, లెక్కలు చూసేది నేను, అందుకని ఈ గొడవ మా మధ్య చాన్నాళ్లే నడిచింది. పక్కనే సునాబెడాలో 1964లో పెట్టిన ఫ్యాక్టరీలో హెచ్ఏఎల్ అనే ప్రభుత్వ విమానాల కంపెనీ వాళ్లు మిగ్ యుద్ధ విమానాల ఇంజిన్ల పని చేస్తారు, మేమేమో ఇక్కడ ఒక పికప్ ఇంజిన్ దగ్గర కొట్టుకుంటున్నాం.

మా బండి పనేంటో కూడా చెప్పాలి, లేకపోతే ఆయిల్ సంగతి అర్థం కాదు. కుందులి సంతలో క్యాబేజీ, కాలీఫ్లవర్, అల్లం ఏది దొరికితే అది ఎత్తుకుని పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్ దిగి సాలూరు, అక్కణ్ణుంచి విజయనగరం. తిరుగు లోడు దొరికితే దానితోనే ఘాట్ ఎక్కాలి, సెకండ్ గేర్లో, ముందర పెద్ద లారీ ఉంటే దాని వెనకాలే దేక్కుంటూ. ఇంజిన్ కాలిపోయేది అక్కడే. కంపెనీ మాన్యువల్లో కూడా బరువుతో, ఘాట్లో, దుమ్ములో తిరిగే బళ్లకి ఆయిల్ తొందరగా మార్చమని విడిగా రాసుంటుంది, ఆ పేజీ ఎవడూ చదవడు. సర్వీస్ బోర్డు మీద కనపడే పెద్ద కిలోమీటర్ల నంబరే అందరికీ గుర్తుంటుంది.

ఇంక స్టోర్ బ్రాండ్, అంటే అమ్మేవాడు తన పేరే వేసుకుని అమ్మే సరుకు, మనకి ఏంటి? అమెరికాలో అయితే వాల్‌మార్ట్ వాళ్లు సూపర్‌టెక్ అని తమ పేరు మీదే డబ్బాలు అమ్ముతారు, ఆ ఆయిల్ తయారుచేసేది వేరే ఎవరో. మన దగ్గర సూపర్ మార్కెట్లో డీజిల్ ఇంజిన్ ఆయిల్ కొనే అలవాటు లేదు. ఇక్కడ దానికి దగ్గరగా ఉండేవి రెండు: బంకు వాళ్లది, బండి కంపెనీ వాళ్లది. ఇండియన్ ఆయిల్ బంకులో సర్వో, హెచ్‌పీ బంకులో మిల్సీ టర్బో, భారత్ బంకులో మ్యాక్. వీటిని చీప్ సరుకు అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది, ఎందుకంటే ఈ మూడూ సొంత రిఫైనరీలున్న కంపెనీలు. డబ్బాలో ఎక్కువ భాగం ఉండే అసలు నూనె, బేస్ ఆయిల్ అంటారు, వాళ్ల దగ్గరే తయారవుతుంది. అందులో కలిపే రసాయనాలు, అదే ఎడిటివ్ ప్యాకేజీలంటారా, ప్రపంచం మొత్తమ్మీద పెద్ద సప్లయర్లు నలుగురే, లూబ్రిజాల్, ఇన్ఫినియం, ఆఫ్టన్, ఒరొనైట్, ఖరీదైన డబ్బా వెనకాల ఉండేదీ ఎక్కువగా ఆ నలుగురిలో ఒకరే. బండి కంపెనీ పేరుతో వచ్చే 'జెన్యూన్ ఆయిల్' కూడా అంతే, బళ్లు చేసేవాడికి రిఫైనరీ ఎక్కడిది, ఏదో ఆయిల్ కంపెనీ వాళ్ల లెక్క ప్రకారం చేసిస్తే తన స్టిక్కర్ వేసుకుంటాడు.

మూడో రకం ఒకటుంది, షాపు వెనకాల డ్రమ్ములోంచి జగ్గుతో తోడి పోసేది. అది స్టోర్ బ్రాండ్ కాదు, దాన్ని ఏమనాలో కూడా తెలీదు. ట్రాక్టరుకైనా సరే వద్దు.

మరి డబ్బా మీద ఏం చూడాలి అంటే, వెనక వైపు చిన్న అక్షరాలు. ఏపీఐ (ఆయిల్ నాణ్యతకి గ్రేడులిచ్చే అమెరికా సంస్థ) అని ఉండి పక్కన ఎస్‌తో మొదలైతే పెట్రోల్ బళ్లకి, సీతో మొదలైతే డీజిల్‌కి, రెండూ రాసుంటే ముందున్నది వాళ్లు ముఖ్యంగా దేనికోసం చేశారో చెప్తుంది. సీఎఫ్-4 అనేది 1990 నాటిది, ఏపీఐ వాళ్లు దాన్ని ఎప్పుడో పక్కన పడేశారు, కానీ మా వైపు షాపుల్లో పంపుసెట్లకీ పాత ట్రాక్టర్లకీ ఇంకా అమ్ముతూనే ఉన్నారు, తక్కువ రేటుకొస్తుంది కదా అని టర్బో ఉన్న పికప్‌కి పోసేవాళ్లని కూడా చూశాను. సీహెచ్-4 1998లో వచ్చింది, సీఐ-4 2002లో, సీకే-4 2016 డిసెంబరులో. కొత్తది పాతదాని పని చేస్తుంది, పాతది కొత్తదాని పని చెయ్యదు. మా పాత బండికి మాన్యువల్లో అడిగింది సీఐ-4, బంకు డబ్బా మీద ఉన్నది సీఐ-4 ప్లస్, యాడ్ ఆయిల్ డబ్బా మీదా సీఐ-4 ప్లస్సే. లీటరుకి వంద రూపాయలకి పైనే తేడా. 7.5 లీటర్ల డబ్బా అంటే ఎంతవుతుందో చూసుకోండి, అదీ ప్రతి సర్వీసుకి.

తర్వాత గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం చెప్పే నంబరు, డబ్ల్యూ ముందుది చలికి, వెనకది వేడికి. 15డబ్ల్యూ-40 అనగానే మా బావ "చలికాలంలో పొద్దున్నే స్టార్ట్ అవదు, 5డబ్ల్యూ సింథటిక్ పోద్దాం" అంటాడు. నిజమే, డిసెంబరు, జనవరిలో మా దగ్గర పొద్దున్న సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది, బండి అద్దం మీద మంచు గోక్కోవాలి. కానీ ఆ 15డబ్ల్యూ అనే రేటింగ్ కోసం చేసే క్రాంకింగ్ పరీక్ష, అంటే చలిలో ఇంజిన్ తిరుగుతుందా అని చూసేది, మైనస్ 20 డిగ్రీల దగ్గర. కోరాపుట్ జిల్లాలో మైనస్ 20 ఎప్పుడొస్తుంది చెప్పండి! మా చలికి పొద్దున స్టార్ట్ అవకపోతే బ్యాటరీనో, స్టార్టింగ్‌లో ఇంజిన్‌ని వేడి చేసే గ్లో ప్లగ్గో చూపించుకోవాలి, ఆయిల్ మీద నెపం వెయ్యకూడదు. వెనకున్న 40 మాత్రం మనకి ముఖ్యం, అది ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్పేది, ఘాట్ ఎక్కేటప్పుడు కాపాడేది అదే. మాన్యువల్లో 5డబ్ల్యూ-30 అనే ఉంటే అదే పొయ్యాలి, అది వేరే సంగతి.

బంకు ఆయిల్ మీద జనం చెప్పే పెద్ద కంప్లైంట్ "రెండ్రోజులకే నల్లగా అయిపోయింది". డీజిల్ ఇంజిన్లో ఏ ఆయిల్ పోసినా నల్లబడుతుంది అండీ. మసి ఎలాగూ పుడుతుంది, దాన్ని గడ్డకట్టనివ్వకుండా తనలో తేల్చి ఉంచుకోడానికే అందులో డిస్పర్సెంట్ కలుపుతారు. నల్లబడకుండా నెలల తరబడి తేనె రంగులో ఉందంటే ఆ మసి ఎక్కడ కూర్చుందో అని నేనైతే భయపడతా. డిప్‌స్టిక్ తీసి వేళ్ల మధ్య రుద్ది "పవర్ పోయింది" అని తేల్చేసే మేస్త్రీలున్నారు, వాళ్లకో దండం.

నిజంగా భయపడాల్సింది నకిలీ సరుకు. ఒకసారి మేస్త్రీ షాపు వెనక్కెళ్లి చూడండి, ఖాళీ డబ్బాలు వరసగా పేర్చుంటాయి, మూత ఉన్నవి ఒక వైపు, మూత లేనివి ఒక వైపు. మూతతో సహా శుభ్రంగా ఉన్న పెద్ద కంపెనీ డబ్బాకి ఎక్కువ రేటు వస్తుంది. మామూలు ప్లాస్టిక్‌కి ఎవడైనా మూత చూసి రేటు కడతాడా? అందుకే మా బావ ఇప్పుడు ఆయిల్ పోసిన వెంటనే స్క్రూడ్రైవర్ తీసుకుని డబ్బా అడుగున రెండు పోట్లు పొడుస్తాడు, లేబుల్ కూడా అడ్డంగా చింపేస్తాడు. మేస్త్రీకి కోపమొచ్చినా సరే. పేరున్న డబ్బాకే నకిలీ ఎక్కువ పుడుతుంది, ఎందుకంటే గిరాకీ దానికే ఉంది. బంకు బ్రాండ్‌ని బంకులోనే కొంటే, బిల్లు తీసుకుంటే, మూత కింద రేకు సీలు మన చేత్తోనే ఊడదీస్తే ఈ తలనొప్పి చాలా మటుకు తగ్గిపోతుంది. నన్నడిగితే ఈ ఒక్క కారణం చాలు, రేటు సంగతి తర్వాత. ఎలాగూ ఆంధ్రాలో కంటే మా దగ్గర డీజిల్ తక్కువ కాబట్టి ఘాట్ దిగేముందు ట్యాంకు నింపుకోడానికి బంకులో ఆగాల్సిందే కదా.

మిగిలిన డబ్బులో కొంత ఫిల్టర్‌కి పెట్టాలి, ఇక్కడ మాత్రం నేను పిసినారితనం ఒప్పుకోను. రేటు తక్కువ ఫిల్టర్లో లోపల కాగితం మడతలు పలచగా ఉంటాయి, జిగురు ఊడిపోతుంది, ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ని పక్కదారి పట్టించే బైపాస్ వాల్వ్ సరిగ్గా మూసుకోదు, అప్పుడు ఎంత మంచి ఆయిలైనా వడకట్టకుండానే తిరుగుతుంది. డ్రెయిన్ బోల్టు కింద రాగి వాషర్ కూడా ప్రతిసారీ కొత్తది. తీసిన పాత ఆయిల్ మా ఊళ్లో దూలాలకి చెదలు పట్టకుండా పూస్తారు, వద్దన్నా ఆగరు.

టెక్సాస్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్లో ఇదే అడిగాడు, వాడిది ఫోర్డ్ డీజిల్ పికప్, సూపర్‌టెక్ పొయ్యొచ్చా అన్నయ్యా అని. వాడికి చెప్పింది ఏంటంటే, సీకే-4 అని చూసి ఆగిపోకు, ఫోర్డ్ వాళ్ల నంబరు కూడా చూడు అని. సీకే-4 వచ్చిన కొత్తల్లో కొన్ని ఆయిల్స్‌లో భాస్వరం తగ్గించారు, అరుగుదల ఆపేది అదే కదా, ఫోర్డ్ వాళ్లకి అది నచ్చక డబ్ల్యూఎస్ఎస్-ఎం2సీ171-ఎఫ్1 అని సొంత స్పెసిఫికేషన్ పెట్టారు. ఆ నంబరు డబ్బా మీద ఉంటే స్టోర్ బ్రాండ్ అయినా పోసుకో, లేకపోతే ఎంత పేరున్నదైనా వద్దు.

ఇక్కడ మాకు కొత్త బండితో వచ్చిన చిక్కు కూడా ఇలాంటిదే. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చినవన్నీ బీఎస్6, అంటే పొగ మీద కొత్త కఠినమైన రూలు, మా కొత్త దానికి సైలెన్సర్లో డీపీఎఫ్ ఉంది, పొగలోని మసిని పట్టే ఫిల్టర్. మసి అయితే అది వేడెక్కినప్పుడు కాలిపోతుంది, కానీ ఆయిల్లోని లోహపు ఎడిటివ్‌లు కాలితే మిగిలే బూడిద కాలదు, అది అందులోనే పేరుకుంటుంది. అందుకే సీకే-4లో ఆ బూడిదకి 1 శాతం అని పరిమితి పెట్టారు, కొన్ని బళ్లు అడిగే ఏసీఈఏ (యూరప్ బండి కంపెనీల సంఘం) సీ3 అనే గ్రేడులో అయితే 0.8 శాతమే. పాత బండి కోసం తెచ్చిన సీఐ-4 ప్లస్ డబ్బాలో సగం మిగిలింది కదా అని ఇందులో పోస్తే ఇంజిన్‌కి వెంటనే ఏమీ కనపడకపోవచ్చు, డీపీఎఫ్ మాత్రం త్వరగా మూసుకుపోతుంది, దాని రేటు వింటే కళ్లు తిరుగుతాయి. అందుకని ఇంట్లో ఒకే డబ్బాతో రెండు బళ్లు అనే లెక్క ఇప్పుడు కుదరదు. ఇంకోటి, డీపీఎఫ్ బళ్లలో డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గిందా అనే కాదు, పెరిగిందా అని కూడా చూడాలి. దగ్గర దగ్గర ట్రిప్పులకి తిప్పి మసి కాలుతున్నప్పుడు మధ్యలో ఆపేస్తే మసి కాల్చడానికి అదనంగా పంపిన డీజిల్ కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది, మట్టం పైకొస్తుంది. అది చూసి "ఆయిల్ తాగట్లేదు, మంచి ఇంజిన్" అని సంతోషించకండి.

కొత్త దానికి వారంటీ ఉన్నంత కాలం షోరూమ్‌లో కంపెనీ పేరున్న ఆయిలే పోయిస్తాం, బిల్లులు ఫైల్లో పెడుతున్నా. వారంటీ అయ్యాక బంకుకే, కాకపోతే మాన్యువల్లో ఉన్న గ్రేడూ అక్షరాలూ అచ్చంగా కలిస్తేనే. నన్ను కక్కుర్తి అన్న బావ అప్పుడే పోయి సీకే-4 డబ్బా రేటు అడిగొచ్చాడు.