నచ్చిన ఫొటో నుంచి కుండీ దాకా: ఫోమ్ లేకుండా పూలు అమర్చడం

కొన్నేళ్లుగా పూల అలంకరణలో ఒక రూపం బాగా నడుస్తోంది. బంతిలా గుండ్రంగా బిగించిన గుత్తి కాదది. ఒక పక్క కొమ్మ పొడుగ్గా సాగుతుంది, ఇంకో పక్క గుత్తి అంచు దాటి కిందికి వాలుతుంది, మధ్యలో ఖాళీలుంటాయి. తోటలోంచి అప్పుడే కోసుకొచ్చి పెట్టినట్టుంటుంది. ఫొటో చూసి అలాంటిది చేద్దామనుకునేవాళ్లు సాధారణంగా పూల పేర్లు అడుగుతారు. నన్నడిగితే ఆ రూపం పూల వల్ల వచ్చింది కాదు, కాడల్ని అడుగున ఏది పట్టుకుని ఉందో దాని వల్ల వచ్చింది.

1954లో అమెరికాలో వెర్నన్ స్మిదర్స్ ‘ఒయాసిస్’ పేరుతో ఆకుపచ్చ ఫోమ్ (నీళ్లు పీల్చుకుని, గుచ్చిన కాడల్ని పట్టుకునే మెత్తటి దిమ్మ) తెచ్చాక చాలాచోట్ల పూల పని దాని మీదే సాగింది. గుచ్చిన కాడ గుచ్చినచోటే, గుచ్చిన కోణంలోనే నిలబడిపోతుంది. అందుకే ఫోమ్ మీద గోపురం ఆకారం సులువు, సహజమైన వాలు కష్టం. పైగా అది ఫినాల్-ఫార్మాల్డిహైడ్ ప్లాస్టిక్. వేళ్లతో నలిపితే పొడి అవుతుంది, ఆ పొడి నీళ్లతో పాటు కాలవల్లోకి పోతుంది, మట్టిలో కలిసిపోదు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన పూల ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది.

దాని బదులు నేను వాడేది కోళ్ల గూటికి కట్టే జాలీ. ఇది కొత్తదేం కాదు. ఫోమ్ రాకముందే బ్రిటన్‌లో పూలు అలంకరించే కాన్‌స్టాన్స్ స్ప్రై జాలీ మీద పెద్దపెద్ద అమరికలు చేసేది. కేల్ అనే ఆకుకూర, గట్టున పెరిగే కలుపు తీగలు తెచ్చి గులాబీల పక్కన పెట్టేది. 1953లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకానికి పూలు అలంకరించిందీ ఆమే. ఇప్పుడు సరికొత్త ఫ్యాషన్ అంటున్న దాంట్లో సగం ఆమె చేసి వదిలేసిందే.

ముందు ఫొటోని చదవాలి. 17, 18 శతాబ్దాల డచ్ పూల చిత్రాలు ఇప్పటి డిజైనర్లకు పెద్ద ఊట. రాచెల్ రాయిష్, యాన్ వాన్ హైసుమ్ బొమ్మల్లో వసంతంలో పూసే ట్యులిప్, ఎండాకాలం గులాబీ ఒకే కుండీలో ఉంటాయి. అలాంటి కుండీ ఏనాడూ లేదు. ఒక్కో పువ్వునూ దాని కాలంలో చూసి గీసుకుని తర్వాత కలిపారు. పసుపు గులాబీ పూసేదాకా బొమ్మ పూర్తి చేయలేనని వాన్ హైసుమ్ 1742లో ఉత్తరం కూడా రాశాడు. ఇప్పటి ఫొటోలూ అంతే. రెక్కలన్నీ వెనక్కి మడిచిన గులాబీ ఫొటో తీసిన పూటకే అందం, ఒకటి రెండు రోజుల్లో రాలిపోతుంది. కాబట్టి పూల జాబితా పక్కనపెట్టి మూడు విషయాలు మాత్రం తీసుకుంటాను: ప్రధానమైన గీత ఎటు పోతోంది, ఖాళీ ఎక్కడుంది, ముదురు లేత ఎలా పంచారు. దీనికి ఫొటోని నలుపు తెలుపులోకి మార్చి చూడడం మంచి పద్ధతి. రంగుల్లో ఎంతో తేడాగా కనిపించిన గులాబీ రంగు, నారింజ రంగు పూలు రెండూ ఒకే బూడిద రంగులోకి మారిపోతే ఆ అమరిక దూరం నుంచి ముద్దలా కనిపిస్తుంది. చాలా డచ్ బొమ్మలు వెలిగేది వెనకున్న చీకటి వల్ల. తెల్లగోడ ముందు అవే మెరూన్ డాలియాలు పెడితే నల్లటి చిల్లుల్లా ఉంటాయి.

కొలతలకు జపాన్ పూల అమరిక కళ ఇకెబానా లెక్కను మించింది నాకు దొరకలేదు. అందులో ఒకటైన సోగెత్సు శైలిలో వెడల్పు పళ్లెం అమరికకు మూడు ప్రధాన కాడలుంటాయి. మొదటిది పాత్ర వెడల్పు, లోతు కలిపిన దానికి ఒకటిన్నర రెట్లు. రెండోది మొదటిదాంట్లో ముప్పాతిక, మూడోది రెండోదాంట్లో ముప్పాతిక. 20 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల లోతున్న గిన్నెకు ఇవి సుమారు 45, 34, 25 సెంటీమీటర్లు. నిలువు గీత నుంచి వాలు వరసగా 15, 45, 75 డిగ్రీలు. అచ్చంగా ఇకెబానా చేయకపోయినా ఈ మూడు కాడలు కుదిరితే మిగతావి వాటంతటవే చోటు వెతుక్కుంటాయి.

పైన చెప్పిన గిన్నెకే సామాను చెబుతాను. 5 సెంటీమీటర్ల కన్నులున్న, ప్లాస్టిక్ పూత ఉన్న జాలీ 40 సెంటీమీటర్ల చదరం ముక్క. పూత లేనిదైతే తుప్పు పట్టి గిన్నెకు మరకలవుతాయి. 7 సెంటీమీటర్ల కెంజాన్ ఒకటి, అంటే బరువైన దిమ్మ మీద ముళ్లు నాటిన జపాన్ సాధనం. నీళ్లకు కరగని జిగురు పుట్టీ, 6 మిల్లీమీటర్ల వెడల్పున్న తడికి ఊడని టేపు. పూలైతే 7 నుంచి 9 ఆకు కొమ్మలు, 5 పెద్ద పూలు, 9 మధ్యరకం, 6 పొడుగు కంకులు, పైన తేలడానికి 5 సన్నకాడ పూలు. మొత్తం 35 లోపే. అంతకంటే ఎక్కువ కుక్కితే ఖాళీలు పోయి మళ్లీ గోపురమే వస్తుంది.

గిన్నె పొడిగా ఉండాలి. నీళ్లు పోశాక పుట్టీ పెడితే అంటదు. ‘అంటింది’ అనిపించినా మొదటి బరువైన కొమ్మ వాలగానే కెంజాన్ పక్కకు జారుతుంది. పుట్టీని వేలు మందం తాడులా చేసి కెంజాన్ అడుగున చుట్టూ ఒత్తి, గిన్నెలో పెట్టి తిప్పుతూ నొక్కుతాను. జాలీని దిండులా మడిచి దాని మీద కూర్చోబెడతాను. లోపల రెండు మూడు పొరలు రావాలి, పైభాగం గిన్నె అంచు కంటే వేలెడు ఎత్తుండాలి. గట్టిగా నలిపితే లావు కాడ దూరదు, బలవంతంగా తోస్తే బెరడు ఒలిచిపోతుంది. మరీ వదులైతే కాడ ఊగిసలాడుతుంది. ఒక పెన్సిల్ గుచ్చి వదిలితే వాలి ఏదో ఒక తీగకు ఆనుకుని ఆగాలి, అదీ సరైన బిగువు. చివరగా పైన టేపు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. టేపు కొసలు గిన్నె బయటివైపు రెండు సెంటీమీటర్లకు మించి దిగకూడదు, కనిపిస్తాయి.

ఇప్పుడు పూలకు నీళ్లు పట్టించడం. ఫోమ్ వదిలేసినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పూలన్నిటికీ ఒకే మందు కాదు. గులాబీలకు కింది ఆకులు తీసి, కాడ చివర రెండు మూడు సెంటీమీటర్లు ఏటవాలుగా కోసి, శుభ్రమైన లోతు నీళ్లలో కనీసం నాలుగు గంటలు చల్లటిచోట ఉంచుతాను. మెడ వాలిన గులాబీని వదిలేయక్కర్లేదు. కాగితంలో తల నిటారుగా చుట్టి, మళ్లీ కోసి, గోరువెచ్చని నీళ్లలో మెడదాకా నిలబెడితే చాలాసార్లు తేరుకుంటుంది. ఎక్కువగా కాడలో గాలి బుడగ అడ్డుపడడం వల్లే అలా వాలుతుంది కాబట్టి. హైడ్రాంజియా తల నుంచి కూడా నీళ్లు తాగుతుంది. వడలితే గుత్తి మొత్తం చల్లటి నీళ్లలో అరగంట ముంచాలి. పాలు కారే గసగసాల జాతి కాడకు కోసిన చివర కొన్ని క్షణాలు మంట చూపించాలి. డాఫొడిల్ జిగురు పక్కపూలను, ముఖ్యంగా ట్యులిప్‌లను పాడుచేస్తుంది. దాన్ని విడిగా ఒక రాత్రి నీళ్లలో ఉంచి, తర్వాత కాడ మళ్లీ కోయకుండా వాడాలి, కోస్తే జిగురు మళ్లీ మొదలు. జర్బెరా కాడ లోతు నీళ్లలో కుళ్లుతుంది, దానికి 5 నుంచి 8 సెంటీమీటర్లు చాలు. డాలియా మొగ్గగా కోస్తే విచ్చుకోదు, పూర్తిగా విచ్చుకున్నదే తీసుకోవాలి. గట్టి కొమ్మల చివర్లు సుత్తితో చితక్కొట్టమనే పాత సలహా ఇంకా తిరుగుతోంది. అది వద్దు. చితికిన పీచులో బ్యాక్టీరియా పెరిగి నీళ్లు కంపు కొడతాయి. రెండు సెంటీమీటర్లు నిలువుగా చీలిస్తే సరిపోతుంది.

నీళ్లలో కలిపే పూల ఆహారం ప్యాకెట్‌ను సగం కలిపి పొదుపు చేయొద్దు. అందులో చక్కెర, ఆమ్లం, క్రిమినాశని ఉంటాయి. పల్చనైతే క్రిములు చావవు, చక్కెర మాత్రం వాటికి మేత అవుతుంది.

అమర్చేటప్పుడు గిన్నెలో ముందే మూడొంతుల్లో రెండొంతులు నీళ్లు పోస్తాను. మొదట కొమ్మలు. గట్టి కొమ్మను కెంజాన్‌లోకి నిలువుగా దింపి, గట్టిగా దిగాక కావలసిన వైపు మెల్లగా వంచాలి. ముందే ఏటవాలుగా గుచ్చితే ముళ్లు వంగుతాయి. సన్నటి కాడ ముళ్ల మధ్యలోంచి జారిపోతుంటే దాని చివరకు వేలెడు లావు కాడ ముక్క జోడించి దారంతో కట్టి గుచ్చాలి. కొమ్మలు ఒకదాన్నొకటి దాటుతూ నీళ్ల అడుగున ఇంకో జాలీ అల్లుతాయి. పూలను నిజంగా పట్టుకునేది ఈ రెండో జాలీయే. అందుకే కొమ్మల దగ్గర తొందరపడితే చివర్లో పువ్వు నిలవదు.

తర్వాత పెద్ద పూలు. అయిదింటినీ ఒకే ఎత్తులో పెట్టను. రెండు అంచుకు దగ్గరగా కిందికి, ఒకటి లోపలికి సగం దాగేలా, రెండు పైకి. ఏ రెండూ ఒకే వైపు చూడకూడదు, ఒకటైనా పక్కకు తిరిగి వీపు చూపించాలి. గులాబీ వీపు, డాలియా వీపు ఎంత బాగుంటాయో గోపురాల్లో ఎప్పుడూ కనిపించదు. ఇక్కడ జాలీ మనకు సాయపడుతుంది. కాడను వదలగానే అది తన బరువుకు తగ్గట్టు కొంచెం తిరిగి ఆగుతుంది. ఆ తిరిగిన దిశను నూటికి తొంభైసార్లు అలాగే ఉంచేయడం మేలు. సరిచేయాలని మళ్లీ మళ్లీ తిప్పితే పక్కవి కదిలి మొత్తం వదులవుతుంది.

ప్రతి కాడ చివరా నీళ్లలో ఉందో లేదో వేలు పెట్టి చూడాల్సిందే. ఫోమ్‌లో రెండు సెంటీమీటర్లు గుచ్చినా తడి అందేది. జాలీలో కాడ నీటిమట్టం పైనే ఏ తీగకో ఆనుకుని భేషుగ్గా నిలబడుతుంది, గంటలో తల వాలుస్తుంది. మధ్యరకం పూలలో పొట్టికాడవి ఎక్కువగా ఇలా మోసం చేస్తాయి.

రెక్కలు మడవాలనుకుంటే ఇప్పుడే. గులాబీ చల్లగా, బిగువుగా ఉంటే రెక్క చిట్లుతుంది. గది వేడికి వచ్చాక బయటి రెక్కతో మొదలుపెట్టి, బొటనవేలు రెక్క మధ్యలో ఆనించి, రెండు వేళ్లతో అంచును వెనక్కి తిప్పాలి. రెండు మూడు వరసలు చాలు. మధ్యలోని మొగ్గదాకా తిప్పేస్తే అది గులాబీలా ఉండదు. ఈ ఫ్యాషన్ త్వరగా పోతే నాకేం బాధ లేదు.

రంగుల సంగతి ఒకటి. రంగుల ప్రమాణాలు ఇచ్చే ప్యాంటోన్ సంస్థ 2025 సంవత్సరపు రంగుగా ‘మోకా మూస్’ అనే గోధుమ రంగును ప్రకటించింది. అంతకుముందు నుంచే ఇసుక రంగు ‘క్విక్‌శాండ్’ గులాబీలకు, పాలు కలిపిన కాఫీలా ఉండే ‘కెఫే ఓ లే’ డాలియాలకు గిరాకీ ఉంది. అన్నీ గోధుమవే పెడితే మాత్రం వాడిపోయిన పూలు అమర్చినట్టే ఉంటుంది. పక్కన లేత గులాబీ రంగో పీచ్ రంగో పడితేనే గోధుమకు ప్రాణం. ఇంకో పక్క ఒక్క ముదురు ఎరుపు చాలు. ఎండు గింజకాయలు, పంపాస్ గడ్డి కలిపేటప్పుడు వాటి కాడలు నీళ్లకు తగలకుండా జాలీ పైపొరలోనే గుచ్చాలి. తడిస్తే బూజు పడుతుంది.

అమరిక పూర్తయ్యాక బల్ల ఎందుకు తడుస్తోందో అర్థం కాకపోతే గిన్నె పగిలిందని అనుకోకుండా ముందు ఆకులు చూడండి. లోపల నీళ్లలో మునిగి, అంచు మీదుగా బయటికి వాలిన ఆకు ఒత్తిలా నీటిని లాగి బొట్టుబొట్టుగా కార్చేస్తుంది. నీళ్లలో మునిగే ఆకులన్నీ ముందే తీసేస్తే ఈ గొడవే ఉండదు, నీళ్లూ త్వరగా పాడవవు. లిల్లీలుంటే విచ్చుకున్న వెంటనే కేసరాల చివరి పుప్పొడి సంచులు తీసేయాలి. పుప్పొడి గుడ్డ మీద పడితే తడి చేయకుండా టేపుతో అద్ది లేపాలి. ఇంట్లో పిల్లి ఉంటే లిల్లీ అసలే వద్దు, పుప్పొడి కూడా దానికి ప్రాణాంతకం. మాగిన పళ్లబుట్ట పక్కన పెట్టొద్దు. వాటి నుంచి వచ్చే ఎథిలిన్ వాయువుకు కార్నేషన్లు ముందుగా ముడుచుకుంటాయి, డెల్ఫీనియంలు రాలిపోతాయి. ట్యులిప్‌లు పెట్టి ఉంటే అవి కుండీలో కూడా పెరుగుతాయి, వెలుతురు వైపు వంగుతాయి. అమర్చేటప్పుడే వాటిని వేలెడు కిందికి పెట్టుకోవాలి.

లోతు తక్కువ గిన్నె కాబట్టి మొదటి రోజే నీళ్లు బాగా తగ్గుతాయి. పొద్దున, సాయంత్రం సన్నమూతి చెంబుతో ఒక పక్క నుంచి నింపుతాను. వేరేచోటికి తీసుకెళ్లాల్సి వస్తే సగం నీళ్లు వంపేసి, గిన్నెను సరిగ్గా పట్టే పెట్టెలో దించి, చేరాక నింపుతాను. మూడో రోజు నీళ్లు మార్చడానికి అమరిక విప్పనక్కర్లేదు. కొళాయి కింద పెట్టి పాతనీళ్లు అంచు దాటి పోయేదాకా సన్నధారగా వదిలితే చాలు, తర్వాత పూల ఆహారం కలిపిన నీళ్లు పోయాలి.

విప్పేటప్పుడు టేపు కోసి, కాడలు ఒక్కొక్కటిగా తీసి, జాలీని సబ్బునీళ్లతో కడిగి ఆరబెడితే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. కెంజాన్ ముళ్ల మధ్య ఇరుక్కున్న పీచును గట్టి బ్రష్‌తో తీసి, వంగిన ముళ్లను సన్నటి గొట్టంతో నిలబెట్టి, పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి. పుట్టీ తడిగా ఉన్నప్పుడు సాగుతుంది కానీ ఊడదు, ఆరాక బొటనవేలితో దొర్లిస్తే మొత్తం ఒక ఉండలా వచ్చేస్తుంది.