దట్టంగా వేసిన ఆలివ్ తోటలో కింది కొమ్మలు ఎందుకు కాయవు

అతి సాంద్ర పద్ధతిలో వేసిన ఆలివ్ తోట ఐదో ఏడు దాకా చూడముచ్చటగా ఉంటుంది. వరుసలో మొక్కలన్నీ కలిసిపోయి పచ్చటి గోడ కట్టినట్టు నిలబడతాయి, మోకాలెత్తు నుంచి చిటారు దాకా కాయలే. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి ఆ గోడ కింది సగం బోసిపోవడం మొదలవుతుంది. ఆకు రాలిపోతుంది, పూత పలచబడుతుంది, కాపంతా పైకి ఎగబాకుతుంది. ఈ దశలో చాలామందికి ముందు గుర్తొచ్చేవి నీళ్లు, నత్రజని. రెండూ పెంచుతారు. దాంతో పైన మరింత గుబురెక్కి, కింద మరింత చీకటి కమ్ముకుంటుంది. అక్కడ కరువైంది వెలుతురు. మందు కూడా అక్కడే వెతకాలి.

పాత తోటల్లో హెక్టారుకు మామూలుగా వంద అటూ ఇటూ చెట్లే. చెట్టు చుట్టూ ఖాళీ, అన్ని వైపుల నుంచీ ఎండ. 1990ల మొదట్లో స్పెయిన్‌లోని కటలోనియాలో మొదలైన అతి సాంద్ర పద్ధతి ఈ లెక్కను పూర్తిగా మార్చేసింది. వరుసల మధ్య 4 మీటర్లు, మొక్కల మధ్య 1.5 మీటర్లు పెడితే హెక్టారుకు 1,667 మొక్కలు పడతాయి. ఇంకా దగ్గరగా వేస్తే రెండు వేలు దాటుతాయి. వరుస మీదుగా నడిచే హార్వెస్టర్ యంత్రంతో కాయ రాలుస్తారు కాబట్టి మొక్క ఎత్తు, వెడల్పు ఆ యంత్రంలో పట్టాలి. కొలతలకు యంత్రం ఒక హద్దు, వెలుతురు ఇంకో హద్దు. మొదటిది దాటితే యంత్రం ఆగిపోతుంది, అప్పుడే తెలిసిపోతుంది. రెండోది దాటిన సంగతి రెండేళ్ల తరవాత గానీ బయటపడదు. తోటలు నెమ్మదిగా దెబ్బతినేది అందుకే.

ముందు ఆకు దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. మబ్బు లేని వేసవి మధ్యాహ్నం ఆకులకు పనికొచ్చే వెలుతురు చదరపు మీటరుకు సెకనుకు దాదాపు 2,000 మైక్రోమోల్స్ ఉంటుంది. ఆలివ్ ఆకు అందులో 800 నుంచి 1,000 దాకా వాడుకోగలదు. ఆపైన ఎంత ఎండ పడినా కిరణజన్య సంయోగక్రియ పెద్దగా పెరగదు. అంటే చిటారు ఆకుకు అవసరానికి రెట్టింపు అందుతోంది. అదే సమయంలో, దట్టమైన గుబురులో అర మీటరు లోపలున్న ఆకుకు అందులో చిన్న వాటా కూడా చేరదు. చెట్టుకు మొత్తంగా అందే వెలుతురు పెంచాల్సిన పని లేదు, ఉన్నదాన్ని కింద దాకా పంచాలి. కత్తిరింపులు, వరుసల ఎడం, దిశ అన్నీ ఈ పంపకం కోసమే.

ఆలివ్ ఆకు మామూలుగా రెండు మూడేళ్లు చెట్టు మీద ఉంటుంది. నీడలో పెరిగిన ఆకు పలచగా, వెడల్పుగా వస్తుంది, పత్రరంధ్రాలు తక్కువ. ఉన్న కాస్త వెలుతురుతో బతకడానికి అది సర్దుకుంటుంది గానీ కాయకు ఆహారం పంపే స్థితిలో ఉండదు. నీడ మరీ ఎక్కువైతే చెట్టు దాన్ని ముందే రాల్చేస్తుంది. వరుసలోకి వంగి చూస్తే ఈ తేడా చేతికే తెలుస్తుంది. అంచున ఉన్న రెమ్మ పొట్టిగా, గట్టిగా, కణుపులు దగ్గర దగ్గరగా, ఆకులు తోలులా మందంగా ఉంటాయి. అదే కొమ్మ మీద లోపలి రెమ్మ సన్నగా సాగి, కణుపుల మధ్య ఎడం ఎక్కువై, కొసన నాలుగైదు ఆకులతో వేలాడుతుంది. ఆ రెమ్మ మీద వచ్చే ఏడు పూత ఆశించకూడదు.

ఆలివ్ కాపు గత ఏటి రెమ్మ మీదే వస్తుంది. ఈ ఒక్క విషయం మరిచిపోతే వెలుతురు లెక్క ఏదీ అర్థం కాదు. ఉత్తరార్ధగోళపు నెలల్లో చెబుతాను, దక్షిణాన ఆరు నెలలు జరుపుకోవాలి. వసంతంలో రెమ్మ పెరుగుతుంది. జూలై ప్రాంతంలో, అంటే ఆ ఏటి కాయలో గింజ గట్టిపడే రోజుల్లో, ఆ రెమ్మ మొగ్గలు పూతవైపు వెళ్లాలో ఆకువైపు వెళ్లాలో నిర్ణయమవుతుంది. చలికాలం చల్లదనం తరవాత పూమొగ్గ రూపు కడుతుంది, మే నెలలో పూస్తుంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా కాయలో నూనె చేరుతుంది. ఈ వేసవిలో నీడలో ఉన్న రెమ్మ వచ్చే మే నెలలో పూయదు. ఈ చలికాలం నరికి వెలుతురు తెరిచినా ముందు రెమ్మ పెరగాలి, తరవాత మొగ్గ రావాలి, ఆ తరవాతే కాయ. నష్టమూ ఆలస్యంగానే కనిపిస్తుంది, దిద్దుబాటూ ఆలస్యంగానే ఫలిస్తుంది.

నీడ దెబ్బ అన్నిటికన్నా గట్టిగా తగిలేది కాయల సంఖ్యకు. కింది భాగంలో కాయలు చిన్నవైపోవడం కన్నా అసలు కాయలు లేకపోవడం వల్లే దిగుబడి పోతుంది. తరవాత కాయ బరువు, నూనె శాతం. అందే వెలుతురు బయటి ఎండలో సుమారు 40 శాతం కన్నా తగ్గితే రెండూ దాని వెంటే పడిపోతాయి. పైకాయ ముందు రంగు తిరుగుతుంది, కింది కాయ వెనకబడుతుంది. ఒకే రోజు యంత్రంతో రాల్చినప్పుడు పండినవీ పచ్చివీ కలిసి మిల్లుకు చేరతాయి. పైభాగపు కాయల నూనెలో దాన్ని పాడవకుండా కాపాడే ఫినాల్స్ అనే పదార్థాలు ఎక్కువ, అందుకే అది త్వరగా పాడవదు. కాబట్టి నీడ వల్ల బరువుతో పాటు నాణ్యత కూడా పోతుంది.

ఇక కొలతల లెక్క. తోట వేసే ముందు కాగితం మీద వేసుకోవాల్సింది ఇదొక్కటే అని నా గట్టి అభిప్రాయం. గోడ ఎత్తు అంటే చిటారు నుంచి కింద ఆకు మొదలయ్యే చోటు వరకు. ఖాళీ బాట అంటే వరుసల ఎడంలోంచి గుబురు వెడల్పు తీసేయగా మిగిలేది. గోడ ఎత్తును ఖాళీ బాటతో భాగించండి. వచ్చిన అంకె ఒకటి దాటకుండా చూసుకోవాలి.

4 మీటర్ల ఎడంలో మొక్క ఎత్తు 2.5 మీటర్లు, కింద అర మీటరు ఖాళీ, గుబురు వెడల్పు 1.2 మీటర్లు అనుకుందాం. గోడ 2 మీటర్లు, బాట 2.8 మీటర్లు. భాగిస్తే 0.71. అదే తోటను మూడేళ్లు వదిలేస్తే ఎత్తు 3.5కి, వెడల్పు 2కి పోతుంది. గోడ 3, బాట 2, భాగిస్తే 1.5. ఉత్తర దక్షిణంగా సాగే వరుసల్లో, పక్క వరుస నీడ దాటి గోడ అడుగున ఎండ పడాలంటే మొదటి సందర్భంలో సూర్యుడు వరుసకు అడ్డంగా సుమారు 35 డిగ్రీలు లేస్తే చాలు, రెండో దాంట్లో 56 డిగ్రీలు లేవాలి. 38 డిగ్రీల అక్షాంశం దగ్గర, సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమైన రోజున, మొదటి తోటలో గోడ అడుగుకు ఒక్కో వైపు 3 గంటల 10 నిమిషాలు నేరుగా ఎండ తగులుతుంది. రెండో దాంట్లో 1 గంట 50 నిమిషాలే. కాయలో నూనె చేరే రోజుల్లో జరిగే కోత ఇది. మొక్కల సంఖ్య మారలేదు, భూమి మారలేదు.

ఇందులో వెడల్పు పాత్రను చాలామంది పట్టించుకోరు. ఎత్తు కంటికి కనిపిస్తుంది, కోసేస్తారు. వెడల్పు ఏడాదికి ఒక జానెడు చొప్పున బాటలోకి జరుగుతుంది. వెడల్పు పెరిగితే బాట ఇరుకై బయటి గోడకు ఎండ తగ్గుతుంది, గోడ మందమై లోపలికీ వెలుతురు చొరదు. రెండు రకాల నష్టం. వెడల్పు 1 నుంచి 1.5 మీటర్ల మధ్య ఉంచాలి.

దిశ విషయానికొస్తే, వీలున్నచోట ఉత్తర దక్షిణ వరుసలే మేలు. పొద్దున తూర్పు గోడకు, మధ్యాహ్నం తరవాత పడమటి గోడకు ఎండ అందుతుంది, రెండు వైపులా కాపు సమానంగా ఉంటుంది. తూర్పు పడమర వరుసల్లో, అదే అక్షాంశంలో అదే సెప్టెంబరు రోజున, వరుసకు అడ్డంగా ఎండ కోణం రోజంతా 52 డిగ్రీల దగ్గరే ఉంటుంది. 0.71 ఉన్న తోటలో దక్షిణపు గోడకు పైనుంచి అడుగు దాకా ఎండ, ఉత్తరపు గోడకు ఆకాశపు వెలుతురు మాత్రమే. 1.5 ఉన్న తోటలో దక్షిణపు గోడ అడుగుకు కూడా ఎండ పడదు. నేల వాలు వల్లో పొలం ఆకారం వల్లో తూర్పు పడమరగా వేయక తప్పకపోతే, ఎత్తు తగ్గించి గుబురును సన్నగా ఉంచాలి. అప్పుడు ఎండ వైపు నుంచి కొంత వెలుతురు గోడలోంచి అవతలికి దూరుతుంది.

కొలవడానికి మంచి పనిముట్టు సెప్టోమీటర్, అంటే పొడవాటి కడ్డీ మీద వరసగా సెన్సార్లున్నది. మబ్బు లేని రోజున, సూర్యుడి లెక్కన పొద్దున 9కి, మధ్యాహ్నం 12కి, 3కి, మూడుసార్లు చూడాలి. ఒక్క మధ్యాహ్నపు రీడింగు చూసి తీర్పు చెప్పకూడదు, ఆ సమయంలో ఉత్తర దక్షిణ వరుసల రెండు గోడలూ ఏటవాలు ఎండలోనే ఉంటాయి. 0.6, 1.2, 1.8, 2.4 మీటర్ల ఎత్తుల్లో, గోడ ముఖాన ఒకటి, 30 సెంటీమీటర్లు లోపల ఒకటి, రెండు వైపులా. ప్రతిసారీ బయట ఖాళీలో ఒక రీడింగు తీసి దాంతో భాగించాలి. కనీసం ఐదారు చెట్ల సగటు తీసుకోవాలి. కింది రీడింగు పైదాంట్లో సగం కన్నా తగ్గితే ఆ చలికాలమే కత్తెర పట్టాలన్నది నేను పెట్టుకునే గీటు. లక్స్ మీటరుతో కూడా పోలిక చూడొచ్చు గానీ ఒక జాగ్రత్త ఉంది. ఆకుల్లోంచి వడపోసుకుని వచ్చే వెలుతురులో పచ్చ రంగు పాలు ఎక్కువ, లక్స్ మీటరు దానికే ఎక్కువ స్పందిస్తుంది. కాబట్టి గుబురు లోపల ఆకుకు నిజంగా పనికొచ్చేదాని కన్నా ఎక్కువ చూపిస్తుంది.

కత్తిరింపు కాయ దించాక, చలి తీవ్రత తగ్గాక, చిగురు రాకముందు. వాన లేని రోజు చూసుకోవాలి, తడిలో కోసిన గాయాల్లోంచి ఆలివ్ కణుతి తెగులు బ్యాక్టీరియా చెట్టులోకి చొరబడుతుంది. కోశాక రాగి మందు చల్లడం మంచిది. ట్రాక్టరుకు తగిలించిన డిస్క్ రంపాలతో పైభాగం 2.5 నుంచి 3 మీటర్ల మధ్య కోస్తారు, పక్కలు చెక్కుతారు, అడుగున 50 నుంచి 60 సెంటీమీటర్ల వరకు కొమ్మలు తీసేస్తారు. పక్కలు ఒకే ఏడు రెండు వైపులా చెక్కితే పెద్ద పాలు కాపు రెమ్మలు పోయి మరుసటి ఏడు పంట పడిపోతుంది, ఆ మరుసటి ఏడు విరగకాస్తుంది, ఏడాది విడిచి ఏడాది కాపు అలవాటుగా మారుతుంది. ఒక ఏడు తూర్పు వైపు, మరో ఏడు పడమటి వైపు తీసుకోవాలి.

యంత్రం ఒక్కదాన్నే నమ్ముకుంటే వచ్చే చిక్కు పెద్దది. ఏటా అదే గీత మీద కోస్తుంటే, కోసిన ప్రతి కొస దగ్గరా మూడు నాలుగు చిగుళ్లు లేస్తాయి. రెండు మూడేళ్లలో బయట అరచేయి మందాన దట్టమైన ఆకు పొర కట్టి, లోపల ఎండు పుల్లలు మిగులుతాయి. బయటినుంచి చూస్తే తోట నున్నగా, పచ్చగా ఉంటుంది. అందుకే యంత్రం వెనకాల మనిషి కత్తెరతో వెళ్లాల్సిందే. చెట్టుకు రెండు మూడు కొమ్మలు తీస్తే చాలు. బాటలోకి పొడుచుకొచ్చి 3 సెంటీమీటర్ల కన్నా లావెక్కినవి ముందు తీసేయాలి, అవి హార్వెస్టర్‌లోనూ విరుగుతాయి. మధ్యలో తెంచకుండా కాండం దగ్గర, అక్కడి ఉబ్బు చెక్కకుండా, మొదలంటా కోయాలి. మధ్యలో తెంచిన చోట నీటి కొమ్మలు, అంటే నిటారుగా జోరుగా పెరిగేవి, గుంపుగా లేచి, తెరిచిన కిటికీని ఏడాదిలో మూసేస్తాయి. పైభాగాన లేచిన నీటి కొమ్మలను వేసవిలో తేలికగా ఓసారి తీసేస్తే, జూలై మొగ్గల సమయంలో కింద వెలుతురు నిలుస్తుంది.

నీళ్లు, నత్రజని కూడా వెలుతురు పనిముట్లే. జూలైలో ఆకు పరీక్ష చేయించి ఎండు బరువులో నత్రజని 1.5 నుంచి 2 శాతం మధ్య ఉంటే ఆకు పచ్చదనం కోసం ఇంకా వేయడం నీడను కొనుక్కోవడమే. నీటిని పూత, పిందె సమయంలో తగ్గించకూడదు, నూనె చేరేటప్పుడూ తగ్గించకూడదు. గింజ గట్టిపడే రోజుల్లో కొంత తగ్గిస్తే కాయకు పెద్ద నష్టం లేకుండా కొమ్మల జోరు తగ్గుతుంది.

రకం ఎంపిక మొదట్లోనే చేయాలి. అర్బోసానా జోరు తక్కువ, దగ్గరగా వేసినా అదుపులో ఉంటుంది. అర్బెకీనా మధ్యస్తం. కొరొనెయికి కొంచెం ఎక్కువ జోరు, ఎడం కాస్త పెంచాలి. పికువల్ లాంటి జోరైన రకాన్ని ఈ ఎడంలో వేస్తే జీవితాంతం రంపంతోనే పని.

నీడతో పాటు తేమ కూడా నిలుస్తుంది. ఆకు మీద గుండ్రటి నెమలికన్ను మచ్చలు, నల్ల పొలుసు పురుగు, దాని జిగురు మీద మసి తెగులు గోడ లోపలే మొదలవుతాయి. మందు ఎంత కొట్టినా దట్టమైన బయటి పొర దాటి లోపలికి తడవదు. ముందు కొమ్మ తీసి, తరవాత మందు కొట్టాలి.

ఇప్పటికే కింద బోసిపోయిన తోటకు ఒకేసారి కఠినంగా కోసే వైద్యం పనికిరాదు. మొదటి చలికాలం ఎత్తు తగ్గించి ఒక వైపు లావు కొమ్మలు తీయాలి, ఆకు మొత్తంలో మూడో వంతు మించకుండా. వెలుతురు తగిలిన కాండం మీద నిద్రాణంగా ఉన్న మొగ్గలు వసంతంలో లేస్తాయి. వాటిలో బాటవైపు అడ్డంగా వాలినవి ఉంచి, నిటారుగా లేచినవి తీసేయాలి. రెండో చలికాలం రెండో వైపు. మొదటి వైపు కొత్త రెమ్మల మీద పూత మూడో వసంతంలో చెప్పుకోదగ్గంత వస్తుంది. ఈలోగా కింద కాపు రాలేదని నత్రజని పెంచితే, చలికాలం తీసిన ఎత్తు ఆ వేసవికే తిరిగి వచ్చేస్తుంది.